సాక్ష్యం అడిగితే సాక్ష్యమే పంపాం

మా సంఘంలో ఎవరూ జబ్బు తగ్గిందని చెప్పరు. స్వస్థత పొందుకున్నాను అంటారు. ఉద్యోగం వచ్చిందనరు, ఉద్యోగం పొందుకున్నాను అంటారు. ఈ దేశంలో శాశ్వతంగా ఉండనిచ్చే పీఆర్ కూడా పొందుకుంటారు. ఈ పొందుకోవడం అనే మాట బయటి తెలుగువాళ్ళ నోట నేను పెద్దగా వినలేదు. కిరాణా కొట్టులోనైనా, హాస్పిటల్ లిఫ్టులోనైనా ఆ మాట చెవిన పడితే చాలు, అన్న మనిషి మా విశ్వాసే అని పోల్చుకుంటాను.

ఈ మాటకు ఇంకో గుణం ఉంది. ఇంకా రానివాటికి కూడా దాన్నే వాడతాం. పాస్‌పోర్టు మీద ముద్ర పడకముందే, మోకాళ్ళ మీదున్న విద్యార్థి "ప్రభువా, వీసా పొందుకున్నాను" అంటాడు. తాను అబద్ధమాడుతున్నానని అతను అనుకోడు. నేనూ ఎప్పుడూ అనుకోలేదు. అడిగింది అప్పుడే చేతికి వచ్చినట్టు నమ్మాలని, నమ్మినదాన్ని నోటితో ఒప్పుకోవాలని మాకు నేర్పారు. తెనాలి దగ్గర మా ఊరి సంఘంలో నాన్న ఉపదేశిగా ఉండేవారు. నేను అక్షరాలు కూడబలుక్కున్నదే లేఖనాల్లో. బడి వాచకం కన్నా ముందు వాక్యాలు కంఠతా పట్టినదాన్ని. అందుకే ఆ మాటను తేలిగ్గా తీసిపారేయలేను. ఇప్పటికీ నమ్ముతాను. కాని ఆ ఒక్క మాట నా రెండు కాళ్ళనూ ఎలా అబద్ధం చేసిందో రాయకుండా ఉండలేను.

మేం వలస వచ్చిన సార్నియా పట్టణంలో నేను ఒక వృద్ధాశ్రమంలో పనిచేసేదాన్ని. ఇండియాలో నర్సునే. ఇక్కడి పరీక్షలు రాయడం కుదరక, ముసలివాళ్ళకు స్నానం చేయించి, బట్టలు మార్చి, తినిపించే పనిలో స్థిరపడ్డాను. మా ఆయన కెమికల్ ప్లాంటులో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్. షిఫ్టు ముగిసేముందు ఒక్కొక్క ముసలాయన గురించీ, ఒక్కొక్క ముసలమ్మ గురించీ కంప్యూటర్లో ఒక ముక్క ఎక్కించాలి. "ఎలా ఉన్నారు?" అని అడుగుతాం. "బాగానే ఉన్నాను" అంటారు. "ఫిర్యాదులేమీ లేవు" అని ఎక్కిస్తాం. ఒకావిడ తుంటి పట్టుకుని, కళ్ళు గట్టిగా మూసుకుని "ఫైన్, డియర్" అంది. నేను ఫైన్ అనే ఎక్కించాను. తర్వాతి షిఫ్టు అమ్మాయి అది చదువుకుని ఆవిడను రెండు చేతులా పట్టి లేపింది. అప్పుడు ఆవిడ పెట్టిన కేక నేను కోటు వేసుకుంటూ విన్నాను. కాబట్టి నేను ఏమీ తెలియనిదాన్నని ఎవరూ జాలిపడనక్కర్లేదు. నోటి మాట ఫైలుకెక్కితే ఏమవుతుందో నాకు తెలుసు.

కోవిడ్ టీకా రాగానే మాలాంటి చోట్ల పనిచేసేవాళ్ళకు ముందు వేశారు. సంతోషంగా వెళ్ళి వేయించుకున్నాను. ఆ చలికాలం మా ఆశ్రమం వెనక తలుపు నుంచి బయటికి వెళ్ళిన స్ట్రెచర్లను చూసినదాన్ని. టీకాలు పడ్డాక అవి తగ్గడమూ చూశాను. ఇవాళ్టికీ నేను టీకాలకు శత్రువును కాను. నా కథను అటువైపు వాళ్ళు ఎత్తుకుపోకుండా ముందే ఈ మాట రాసిపెడుతున్నాను.

రెండు వారాలు గడిచాక పాదాలు తిమ్మిరెక్కడం మొదలైంది. చెప్పు జారిపోయినా తెలిసేది కాదు, వెనక్కి తిరిగి చూస్తే నేల మీద కనపడేది. తర్వాత తిమ్మిరి మోకాళ్ళ దాకా పాకింది. ఒక ఉదయం ఆశ్రమంలో కాఫీ కప్పు అందిస్తూ వదిలేశాను. ముక్కలు ఏరడానికి వంగినదాన్ని మళ్ళీ లేవలేదు. ఒంట్లో రోగంతో పోరాడాల్సిన శక్తి దారితప్పి సొంత నరాల మీదే పడే జబ్బు అన్నారు. చాలామంది కోలుకుంటారట, కొందరు పూర్తిగా కోలుకోరట. నరాల డాక్టరు నా మంచం పక్కన నిలబడి దాపరికం లేకుండా చెప్పింది: "ఇలా జరగడం చాలా అరుదు. కాని నీ విషయంలో ఇది టీకా వల్లే వచ్చిందని నా అభిప్రాయం." ఆ మాట అన్నందుకు ఆమె కోసం ఇప్పటికీ ప్రార్థిస్తాను. నాతో ఉన్నది ఉన్నట్టు మాట్లాడిన మొదటి మనిషి ఆమె.

చాలా నెలల తర్వాత వాకర్ పట్టుకుని ఇంటికి వచ్చాను. మోకాళ్ళ కింద ఏదీ నాది కాదు.

మా సంఘం చిన్నది. ఇంగ్లీషువాళ్ళ చర్చి బేస్‌మెంటులో ఆదివారం మధ్యాహ్నాలు కూడుకుంటాం. సగం మంది ఇక్కడి కాలేజీలో చదివే తెలంగాణ, ఆంధ్రా పిల్లలు. నేను హాస్పిటల్లో ఉన్నన్నాళ్ళూ వాళ్ళు ఉపవాసాలుండి ప్రార్థించారు. క్లాసులయ్యాక బస్సు దొరక్క, మంచులో నడిచి మా ఇంటికి పప్పూ చారూ మోసుకొచ్చారు. అది రాయకపోతే పాపం. అదే సంఘంలో ఒక అంకుల్ మా ఆయన భుజం మీద చెయ్యి వేసి, "ఆ సూది వద్దని నేను ముందే చెప్పానా లేదా? అది సూది కాదు బ్రదర్, అంత్యదినాల్లో సాతాను వేసే ముద్ర" అన్నాడు. నన్ను చూస్తూ ఆయన ఆ మాట అన్నప్పుడు గొంతులో బాధ ఎంత ఉందో తెలియదు గాని, గెలుపు మాత్రం బాగా వినపడింది.

ఇంటికి వచ్చిన కొద్ది వారాలకే పాస్టరు గారు, మేం అయ్యగారు అంటాం, ఫోన్ చేశారు. "ఈ ఆదివారం సాక్ష్యం చెప్పాలమ్మా. దేవుడు చేసిన మేలు దాచిపెట్టుకుంటే పొందుకున్నది కూడా పోగొట్టుకుంటాం."

"ఇంకా నడవలేకపోతున్నానండీ అయ్యగారూ."

"విశ్వాసంతో చెప్పాలి సిస్టర్. కళ్ళకు కనపడ్డాక చెప్పేదాన్ని వార్త అంటారు, సాక్ష్యం అనరు."

ఆ మాట నాకు చాలా బాగా నచ్చింది. నచ్చిందని ఒప్పుకోవడం ఇప్పుడు సిగ్గుగా ఉంది.

ఆదివారం నేను ముందుకు వెళ్ళాక, పాస్టరు గారి భార్య అమ్మగారు వచ్చి నా వాకర్‌ను మెల్లగా స్తంభం వెనక్కి జరిపారు. "వీడియోలో పడుతుందమ్మా, చూసేవాళ్ళు విశ్వాసంలోంచి జారిపోతారు" అన్నారు. ఒక చెయ్యి బల్ల మీద, ఒక చెయ్యి మా ఆయన మోచేతి మీద పెట్టి నిలబడ్డాను. తిమ్మిరి ఏ వేలి నుంచి మొదలైందో, వెన్నులో సూది గుచ్చి నీరు ఎలా తీశారో, మింగుడు పడక మంచినీళ్ళు ముక్కులోంచి ఎలా వచ్చాయో అంతా వరసగా చెప్పాను. నర్సును కదా, వరస తప్పలేదు. చివర గొంతు పెంచి, "నా దేవుడు నాకు సంపూర్ణ స్వస్థత ఇచ్చాడు. పొందుకున్నాను! స్తోత్రం!" అన్నాను. బేస్‌మెంటు దద్దరిల్లేలా ఆమేన్ అన్నారు. ఆ సాయంత్రానికి వీడియో యూట్యూబులో ఉంది. అందులో నేను నడుము దాకానే కనపడతాను. కింది సగం లేదు.

మా ఫ్యామిలీ డాక్టరుతోనూ అదే అలవాటు. కోవిడ్ రోజులు కాబట్టి ఆయన ఫోన్లోనే చూసేవాడు. చూడటమంటే వినడమే. "ఎలా ఉన్నారు?" అనేవాడు. "దేవుని కృప వల్ల బాగున్నాను డాక్టర్" అనేదాన్ని. ఏడేళ్ళ వయసు నుంచి ఎవరు ఎలా ఉన్నావన్నా నేను చెప్పే జవాబు అది. వేరే జవాబు నోట్లో తయారుగా లేదు. పైగా సణగడం పాపమని విన్నాం, అరణ్యంలో సణిగిన జనానికి ఏమైందో చిన్నప్పటి నుంచీ చదువుకున్నాం. ఆ జవాబు ప్రతిసారీ ఆయన కంప్యూటర్లోకి ఎక్కుతూ వచ్చింది.

టీకా వల్ల తీవ్రంగా, శాశ్వతంగా దెబ్బతిన్నవాళ్ళకు పరిహారం ఇచ్చే ఏర్పాటు ఈ దేశంలో ఉందని నరాల డాక్టరే చెప్పింది. వంటింటి బల్ల దగ్గర కూర్చుని మా ఆయన ఫారం నింపారు. ఒకచోట ఆగారు.

"సపోర్టింగ్ ఎవిడెన్స్ ఏమైనా ఉంటే జతచేయమంటున్నారు."

"అంటే?"

"సాక్ష్యం."

"మన దగ్గర ఏం సాక్ష్యం ఉంది?"

ఆయన పెన్ను పక్కన పెట్టి నా వైపు చూశారు. ఎన్నో నెలల తర్వాత ఆ మొహంలో వెలుగు చూశాను. "నీ సాక్ష్యమే ఉంది కదా! మొదటి రోజు నుంచి అంతా చెప్పావు. డాక్టర్లు కూడా అంత వివరంగా రాయలేదు."

ఇద్దరం పొంగిపోయాం. ఇందుకోసమే దేవుడు ఆ రోజు నా చేత చెప్పించాడని మా ఆయన అన్నారు, నేను అవునన్నాను. సర్టిఫైడ్ అనువాదకుణ్ణి వెతికి, పొల్లు పోకుండా ఇంగ్లీషులోకి మార్పించి, వీడియో లింకుతో సహా పంపాం.

ఏడాది దాటాక ఉత్తరం వచ్చింది. టీకాకూ నా జబ్బుకూ సంబంధం ఉండే అవకాశాన్ని వాళ్ళు కాదనలేదు. కాని హాని శాశ్వతమని తేలలేదన్నారు. ఫ్యామిలీ డాక్టరు నోట్సులో అన్ని చోట్లా "బాగున్నానని చెబుతోంది" అని ఉందట. ఆ కింద ఇంకో కారణం. దరఖాస్తుదారు స్వయంగా సమర్పించిన వాంగ్మూలం ప్రకారం ఆమె పూర్తి స్వస్థత పొందింది. పక్కన పేజీ నంబరు కూడా వేశారు.

మా ఆయన ఉత్తరాన్ని మళ్ళీ మొదటి నుంచి చదివారు. తర్వాత, "అనువాదం తప్పేమో" అన్నారు.

"తప్పు కాదు. అక్షరాలా అదే అన్నాను."

నాకు ఆ ఉత్తరం రాసినవాళ్ళ మీద ఒళ్ళు మండింది. కాగితం చదివారు, మనిషిని చూడలేదు. ఒక్కసారి పిలిచి, లేచి నిలబడమని ఉంటే సరిపోయేది. మంట చల్లారేలోపే తుంటి పట్టుకున్న ఆ ముసలావిడ గుర్తొచ్చింది. నేనూ అదే చేశాను. నేనైతే ఎదురుగా నిలబడి, చూస్తూ కూడా చేశాను.

పునఃపరిశీలనకు అడిగే గడువు దాటకముందే ప్లాంటులో ఒకతను కిచెనర్ అనే ఊళ్ళో ఉన్న లాయరు గురించి మా ఆయనకు చెప్పాడు. రెండు గంటల ప్రయాణం. ఆ లాయరు దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువ మంది సైన్యంలో గాయపడి, డిసెబిలిటీ బెనిఫిట్స్ కోసం ప్రభుత్వంతో కొట్లాడుతున్న మాజీ సైనికులు. బయట గదిలో నా ఎదురుగా ఒకాయన కూర్చున్నాడు. ఒళ్ళో చేతికర్ర. నా వాకర్ చూసి, ఇంగ్లీషులో, "ఏ రెజిమెంటు?" అన్నాడు.

"వృద్ధాశ్రమం" అన్నాను.

పగలబడి నవ్వాడు. "అయితే నాకన్నా కష్టమైన యుద్ధం." తర్వాత తన మోకాలు తట్టాడు. "సర్వీసులో ఉన్నప్పుడు పైవాడు ఎలా ఉన్నావంటే 'సిద్ధంగా ఉన్నాను సర్' అనాలి. ఎముక బయటికి వచ్చినా అదే అనాలి. నా ఫైలు తీసి చూడు, ఇంత ఆరోగ్యవంతుడు సైన్యంలోనే లేడు."

పరాయి మనిషి, పరాయి భాష. అయినా నా సంఘంలో ఎవరూ అర్థం చేసుకోనిది అతనికి సగం మాటలో అర్థమైంది.

లాయరు గారు తెల్లాయన, అరవై దాటి ఉంటాయి. నా సాక్ష్యం అనువాదాన్ని చివరిదాకా చదివి కళ్ళజోడు తీశారు.

"ఇది వాళ్ళకు ఎలా దొరికింది?"

"మేమే పంపామండీ."

"మీరే?"

"అవునండీ."

"సొంత కేసుకు వ్యతిరేకంగా ఇంత మంచి సాక్షిని తెచ్చుకున్న క్లయింటును నేను ఇంతవరకు చూడలేదు." కోపంగా అనలేదు, నిజంగా ఆశ్చర్యపోయారు. "మీకు స్వస్థత కలిగిందా?"

"పొందుకున్నానండీ."

"నడవగలుగుతున్నారా?"

"లేదు."

ఆయన నా వైపూ, మా ఆయన వైపూ మార్చి మార్చి చూశారు. నాకు వచ్చిన ఇంగ్లీషులో పొందుకోవడం గురించి వివరించాను. విని, "అయితే వచ్చింది అనడానికీ, వస్తుంది అనడానికీ మీ భాషలో తేడా లేదా?" అన్నారు.

"భాషలో ఉంది. ప్రార్థనలో లేదు."

ఆ మాటను ఆయన కాగితం మీద రాసుకున్నారు. తర్వాత మూడు పనులు చెప్పారు. ఫ్యామిలీ డాక్టరు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి పరీక్షించి మళ్ళీ రాయాలి. నా రోజు ఎలా గడుస్తుందో నేనే రాయాలి. మూడోది, మా పాస్టరు ఒక ఉత్తరం ఇవ్వాలి. సంఘంలో ఆ మాటను ఏ అర్థంలో వాడతారో, ఆ రోజు నేను ఎలా నిలబడ్డానో, ఆ రెండే చాలు.

"ఇకనుంచి ఎవరు ఎలా ఉన్నారని అడిగినా బాగున్నానని మాత్రం అనకండి" అన్నారు.

"దేవుని కృప అనొచ్చా?"

"అనండి. అక్కడ ఫుల్‌స్టాప్ పెట్టకండి."

లేవబోతూ, మనసులో నలుగుతున్నది అడిగేశాను. "ఇంకా స్వస్థత కోసం ప్రార్థిస్తే కేసుకు ఇబ్బందా?"

"ప్రార్థించండి" అన్నారు లాయరు గారు. "వీడియో తీయకండి."

ఆ శనివారం అయ్యగారి అపార్టుమెంటుకు వెళ్ళాం. లిఫ్టు పనిచేయడం లేదు. రెండో అంతస్తు. నేను మెట్ల మీద కూర్చుని, ఒక్కొక్క మెట్టే వెనక్కి జరుగుతూ ఎక్కాను. అయ్యగారు తలుపు తీసి, నేను అలా ఎక్కడం నిలబడి చూశారు. పైకి వచ్చాక, "వందనాలమ్మా, బాగున్నారా?" అన్నారు.

నోటి చివరి దాకా వచ్చిన జవాబును మింగాను. "లేదండీ" అన్నాను.

విషయం చెప్పాం. ఆయన ఎటూ చూడకుండా విన్నారు.

"అంటే ఆ సాక్ష్యం అబద్ధమని నన్ను సంతకం పెట్టమంటారా?"

"అబద్ధమని కాదండీ అయ్యగారూ, ఇంకా జరగలేదని."

"జరగలేదని నోటితో అన్నాక ఇంకెలా జరుగుతుంది సిస్టర్? ఆ వీడియో ఎక్కడెక్కడివాళ్ళు చూస్తున్నారో తెలుసా? గుంటూరు నుంచి, మస్కట్ నుంచి, చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు మెసేజులు పెడుతున్నారు. రేపు ఈ కాగితం బయటపడితే వాళ్ళ విశ్వాసం ఏమవ్వాలి?"

"మా ఆవిడ కాళ్ళు ఏమవ్వాలండీ?" అన్నారు మా ఆయన.

అయ్యగారు ఆ మాట పట్టించుకోకుండా నాతోనే మాట్లాడారు. "మనకు తండ్రి దగ్గర ఉత్తరవాది ఒక్కడు ఉన్నాడమ్మా. మీకు ఆయన చాలక కిచెనర్లో ఇంకొకణ్ణి పెట్టుకున్నారని విన్నాను."

ఉత్తరవాది అంటే మా లేఖనాల్లో తండ్రి ముందు మన పక్షాన వాదించే ప్రభువు. ఆ మాటను ఆయన అంత ఎగతాళిగా పలకడం నేను సహించలేకపోయాను. నేను నోరు తెరిచేలోపే మా ఆయన అందుకున్నారు. "మొన్న హైవే మీద మీ కారు గుద్దుకున్నప్పుడు ఇన్సూరెన్సువాళ్ళకు ఎవరు ఫోన్ చేశారండీ అయ్యగారూ, ఆ ఒక్కడేనా?"

అమ్మగారు ముందుకొచ్చి, "టీ చల్లారిపోతోంది, తీసుకోండి" అన్నారు. నేను ఆవిడ వైపు చూశాను. వాకర్‌ను స్తంభం వెనక్కి జరిపిన చేతులు కప్పులు సర్దుతున్నాయి. ఆవిడ తలెత్తలేదు.

"ప్రార్థన ఎంతసేపైనా చేస్తాను" అన్నారు అయ్యగారు చివరికి. "కాగితం మాత్రం అడక్కండి." నా తల మీద చెయ్యి పెట్టి నిజంగానే చాలాసేపు ప్రార్థించారు. చివర "పొందుకున్నామని నమ్ముచున్నాము" అన్నారు. ఆమేన్ అన్నాను. అలవాటు.

ఉత్తరం లేకుండానే ముందుకు పోవాలి. ఫ్యామిలీ డాక్టరు దగ్గరికి ఈసారి మనిషినే వెళ్ళాను. మేజోళ్ళు విప్పించి, సూది మొన పెట్టి, "ఇక్కడ తెలుస్తోందా?" అన్నాడు.

"ఎక్కడండీ?"

ఆయన చెయ్యి ఆగింది. "మీరు నాకెప్పుడూ చెప్పలేదే?"

"మీరు మేజోళ్ళు విప్పమని ఎప్పుడూ అనలేదు" అన్నాను. ఫోన్లో ఎలా అనగలడని తర్వాత అనిపించింది. ఆ రోజు న్యాయంగా మాట్లాడే ఓపిక నాకు లేదు.

ఇక నా రోజు గురించి రాయడం. అది పట్టినంత సమయం ఇంకేదీ పట్టలేదు. మూడు నాలుగు వాక్యాలు రాసేసరికి సణుగుతున్నానన్న భయం. చించేసేదాన్ని. ఒక మధ్యాహ్నం లేఖనాలు ముందు పెట్టుకుని కూర్చుంటే, ఇన్నేళ్ళు చదివినా గమనించని సంగతి ఒకటి కనపడింది. సణుగు వేరు, మొఱ్ఱ వేరు. సణిగినవాళ్ళు గుడారాల్లో కూర్చుని, వీపు వెనక మాట్లాడారు. మొఱ్ఱ పెట్టినవాళ్ళు ఎదురుగా నిలబడి, ఉన్నది ఉన్నట్టు చెప్పారు. ఎముకలు కాలిపోతున్నాయని, కన్నీళ్ళతో పక్క తడుస్తోందని దేవుడి మొహం మీదే అన్నారు. ఒక్కరూ బాగున్నాను అనలేదు. వాళ్ళ మాటలను మేం ఆదివారం రాగం కట్టి పాడుకుంటాం. పాడి, బాగున్నామని చెప్పుకుని ఇంటికి పోతాం.

ఆ తర్వాత చించలేదు. నీళ్ళు వేడిగా ఉన్నాయో లేదో పాదానికి తెలియదు కాబట్టి మోచెయ్యి ముంచి చూస్తానని రాశాను. కాళ్ళకు చెప్పులున్నాయో లేవో వంగి చూస్తే గాని తెలియదని రాశాను. టాయిలెట్ దాకా చేరలేకపోయిన రోజుల గురించి రాశాను. ఆశ్రమంలో ఏ పనైతే ఇతరులకు చేసేదాన్నో ఆ పని నాకు ఇప్పుడు ఇంకొకరు చేయాల్సి వస్తుందని, చేయించుకోలేక తడి బట్టతో కూర్చున్నానని రాశాను.

మా ఆయన కంప్యూటర్లోకి ఎక్కించడానికి కాగితాలు తీసుకుని చదువుతూ మధ్యలో ఆగారు.

"ఇవేవీ నాకు తెలియవే."

ఆయన ఇంకో కాగితం తిప్పారు.

"ఒకే ఇంట్లో ఉంటున్నాం. నాకెందుకు చెప్పలేదు?"

"రోజూ డ్యూటీ నుంచి రాగానే బాగున్నావా అని అడిగేవారు కదా" అన్నాను.

ఆయన మొహం తిప్పుకున్నారు. ఆ మాట అనకుండా ఉండాల్సిందని అప్పుడు అనిపించలేదు. ఇప్పుడు అనిపిస్తోంది.

నెలల తర్వాత, నిర్ణయం పోస్టులో వస్తుందని లాయరు గారి ఆఫీసు నుంచి ఫోన్ వచ్చిన మర్నాడు, ఉత్తరం వచ్చింది. మా ఆయన మెయిల్ బాక్సు దగ్గరే చించి, కోటు గుండీలు పెట్టుకోకుండానే లోపలికి వచ్చారు. "ఒప్పుకున్నారు! స్తోత్రం!" అని అరిచారు. ఆ పేజీ నా ముందు పెట్టి, వేలు ఆనించి చూపించారు. నా హాని శాశ్వతమైనదని అందులో ఉంది.

ఇద్దరం ఆ మాట వైపు చూస్తూ ఉండిపోయాం. దేనికోసం స్తోత్రం చెప్పారో ఆయనకు అప్పుడు తట్టింది. ఆయన చెయ్యి మెల్లగా ఉత్తరం మీంచి జారింది. ఇక ఎన్నటికీ నడవదని నలుగురి చేత ఒప్పించడానికి నా భర్త ఏళ్ళ తరబడి తిరిగాడు. నేను కూడా మోకాళ్ళ మీద లేకపోయినా మనసులో మోకరించి, అదే అడిగాను. అడిగింది దొరికింది. లోకంలో ఇంకే ప్రార్థనకూ నాకింత సూటి జవాబు రాలేదు.

ఆ సంగతి సంఘంలో ఎలా తెలిసిందో నాకు తెలియదు. ఆదివారం సాక్ష్యాల సమయంలో అయ్యగారు మైకు పట్టుకుని చిరునవ్వుతో అన్నారు: "మన సిస్టర్ గారికి ప్రభుత్వం ముందు దేవుడు గొప్ప విజయం ఇచ్చాడు. కాదన్నవాళ్ళ చేతే అవుననిపించాడు. రండమ్మా, సాక్ష్యం చెప్పండి." ముందు వరసలో ఎప్పటిలాగే ఫోను పైకి లేచింది.

రెండు వాక్యాలు రాసివ్వమంటే రాయనివాడు, తాను రాయకుండానే వచ్చిన విజయానికి మైకు ఇస్తున్నాడు. వెళ్ళకూడదనుకున్నాను. మా ఆయన నా మోచెయ్యి పట్టుకుని, "వద్దులే" అన్నారు. కాని లేచాను. వాకర్‌తోనే వెళ్ళాను. అమ్మగారు అలవాటుగా దాని మీద చెయ్యి వేశారు. "ఉండనివ్వండమ్మా" అన్నాను. ఆవిడ చెయ్యి తీసేశారు. ఈసారి నా మొహం వైపు చూశారు.

"పోయినసారి ఇక్కడ నిలబడి చెప్పిన సాక్ష్యం దిద్దుకోవడానికి వచ్చాను" అన్నాను. "సంపూర్ణ స్వస్థత పొందుకున్నానని చెప్పాను. పొందుకోలేదు. ఆ రోజు మా ఆయన చెయ్యి వదిలితే పడిపోయేదాన్ని. ఈ వాకర్ అప్పుడు ఆ స్తంభం వెనక ఉంది. దేవుడు ఇస్తాడని నమ్ముతున్నాను, ఇవ్వమని రోజూ అడుగుతున్నాను. ఇంకా ఇవ్వలేదు. పొందుకోలేదని ఒక కాగితం మాత్రం పొందుకున్నాను. అదే నా సాక్ష్యం."

ఫోను మెల్లగా కిందికి దిగింది. సాక్ష్యం ముగిస్తే అందరూ ఆమేన్ అనాలి. చిన్న సాక్ష్యానికైనా, పసిపిల్ల సాక్ష్యానికైనా అంటారు. ఆ బేస్‌మెంటులో హీటర్ తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. కాసేపు ఎదురుచూశాను. తర్వాత నా ఆమేన్ నేనే అనుకుని, పాదాలు ఎక్కడ పడుతున్నాయో వంగి చూసుకుంటూ, వాకర్ తిప్పుకుని నా కుర్చీ దగ్గరికి వెళ్ళాను.